నాలుగో నియమం

డండీలో వాన అడ్డంగా కురుస్తుంది.
టే నది మీద వంతెన ఈ రాత్రి సగం దాకే ఉంది,
మిగతాది పొగమంచు మింగేసింది.

హీటరు పక్కన కాళ్ళు చాపుకుని
ఛానెల్‌కి కాపలా కాస్తున్నాను.
నలభై ఒక్కమంది ఉన్నారు, ఒక్కరూ పలకరు.

ఎవరో కొత్తవాడు
"ఒక సందేహం అడగొచ్చా?" అని
పదకొండు నిమిషాలుగా గుమ్మంలోనే నిలబడ్డాడు,
చెప్పులు ఎక్కడ విప్పాలో తెలియని చుట్టంలా.

నా వేళ్ళు కదిలేలోగా బాట్ పలికింది:
"అడగొచ్చా అని అడక్కు. అడిగెయ్.
ఎర్రర్ మొత్తం ఇక్కడ కుమ్మరించకు, లింకు పెట్టు.
జవాబు ఆలస్యమైతే అలగకు,
తెలిసినవాళ్ళు నిద్రపోతూ ఉండొచ్చు."

ఆ మాటలు లాక్లన్‌వి.
బాట్‌ని రాసిందీ, నియమాలు రాసిందీ అతనే.
నాలుగోది ఒక్క ముక్క:
తిడితే కోడ్‌ని తిట్టు, మనిషిని కాదు.

మార్చిలో ఇఫియోమా తన మొదటి ప్యాచ్ పంపితే
అతనన్న మాట ఇక్కడ రాయను.
లాగ్‌లో ఉంది. లాగ్ ఏదీ మరవదు.
రెండుసార్లు హెచ్చరించాను.
మూడోసారి, అతను బిగించిన తలుపే అతని మీద వేశాను.
గడియ చప్పుడైనా లేకుండా పడింది.
మంచి పనివాడు.

నిషేధాల జాబితాలో అతని పేరు,
బాట్ నోట్లో అతని గొంతు.
మార్చమన్నారు కొందరు.
బద్ధకమో, మరేమిటో, మార్చలేదు.

కొత్తవాడు లింకు పెట్టాడు.
ముప్పై ఏడో వరుసలో కామా లేదు.
నేను చెప్పబోతుంటే
ఇఫియోమా మేలుకుని చెప్పేసింది.

వాడు మాత్రం థాంక్స్ బాట్‌కి చెప్పాడు.
దాన్ని ఎవరికి చేరవేయాలో
ఏ నియమంలోనూ లేదు.