ఎక్స్‌ట్రా పన్నెండు నిమిషాలు

ముహర్రక్‌ల రాత్రి రెండున్నర.
లండన్ ఫ్లైట్ దిగింది.
సంచులు, బ్రష్షులు పట్టుకొని మేం ఐదుగురం
నిచ్చెన మెట్ల పక్కన నిలవడ్డం,
లోపలున్నోళ్లు ఖాళీ అయ్యేదాక.
అందరి తర్వాత వీల్‌చైర్లు.
వీల్‌చైర్ల తర్వాత, ఇయ్యాల, ఒక కుక్క.

కండ్లు కానరాని ఆమె, నడీడు మనిషి,
ఎడమ చేతిల తోలు పిడి.
కుక్క వీపు మీది పట్టీ మీద ఏందో రాసుంది.
దిల్‌మాయ చదివి చెప్పింది:
"డ్యూటీల ఉన్నదట. ముట్టుకోవద్దట."

నేను రెండడుగులు ఎనుకకు జరిగిన.
ఆరేండ్లప్పుడు మల్లాపూర్ బస్టాండ్ల
పిచ్చికుక్క పిక్క పట్టింది నాకు.
బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులు.
నర్సమ్మ పైకి లెక్కపెట్టుకుంట పొడిచింది.
ముప్పై నాలుగేండ్లయింది,
ఇంకా కుక్క కనవడితే
చెయ్యి దానంతటదే బొడ్డు మీదికి పోతది.

అది నా దిక్కు చూడనన్న చూడలే.
పైమెట్టు కాడ ఆగింది.
ఆమె బూటు అంచును దొరకబట్టినంకనే కదిలింది.
కింది మెట్టు కాడ మళ్ల ఆగింది.
ఎయిర్‌హోస్టెస్ దాంక వచ్చి, మోకాళ్ల మీద కూసుండి
"గుడ్ బాయ్" అన్నది.
తోక ఒక్కపాలి ఊగి ఊకుంది. డ్యూటీ గదా.

బిజోయ్ సార్ నా చేతిల కాయితం పెట్టిండు.
"ఇరవై ఒకటో వరుస, కిటికీ సీటు.
జంతువు పన్న జాగ. స్ప్రే, బ్రష్, వాక్యూమ్.
పన్నెండు నిమిషాలు ఎక్స్‌ట్రా."
పన్నెండేండ్ల కొలువుల
నాకెవ్వలు ఒక్క నిమిషం ఎక్స్‌ట్రా ఇయ్యలే.
ఏడాదికొకటి, లెక్క కుదిరింది.

పంతొమ్మిదిల
సీటు పాకెట్ల పిల్లగాని డైపర్ కుక్కిపోయిండ్రు.
ఇరవైల కార్పెట్ మీద ఎర్ర వైను, దాంట్ల పల్లీలు.
ఇరవై రెండుల బెల్టు బకిల్‌కు చూయింగ్ గమ్,
కింద ఒక సాక్సు. ఒక్కటే.

ఇరవై ఒకటిల
వంగి టార్చి కొట్టి చూసిన.
నాలుగు పసుప్పచ్చ వెంట్రుకలు.
ముక్కు దగ్గర పెట్టి వాసన చూసిన,
తడిసి ఆరిన గోనెసంచి వాసన, అదీ జరంత.
అరచెయ్యి ఆనిచ్చిన.
నేల ఇంకా వెచ్చగనే ఉన్నది.

నాలుగు వెంట్రుకలు తీసుడుకు ఎంతసేపు?
పదకొండు నిమిషాలు మిగిలినయి.
కూసున్న.
ఎన్ని వేల సీట్లు తుడిచిన్నో,
ఒక్కదాంట్ల కూసుండలే ఇన్నాళ్లు.

శంషాబాద్ నుంచి వచ్చిన నాడు
నాది గూడ కిటికీ సీటే.
పక్కన టై కట్టుకున్నాయన నిద్రపోయిండు.
కాళ్లు లోపలికి ముడుసుకున్న,
మోచేతులు కడుపుకు అతికించుకున్న.
నీళ్లిస్తే పైసలు అడుగుతరేమోనని తాగలే.
ఒంటికి వచ్చింది.
ఆయన్ను లేపనీకె నోరు రాలే,
లేపినా ఆ తలుపు ఎట్ల తెరుస్తరో తెల్వది.
నాలుగున్నర గంటలు
పండ్లు కరిచి బిగవట్టుకొని కూసున్న.
దిగేటప్పుడు ఎయిర్‌హోస్టెస్ నవ్వింది,
నా ఎనుకున్నాయనను చూసి.

దాని మీద కుళ్లు లేదు నాకు.
ఏడు గంటలు బిగవట్టుడంటే ఏందో
ఈ ఎయిర్‌పోర్టుల నాకే ఎర్క.
అందుకే ముందల సీటు కింది జాగకు
ఎవ్వలు లేంది చూసి, మెల్లగ, మన భాషల అన్న:
"బుద్ధిమంతునివి రా నువ్వు."
గొంతు జర బొంగురువోయింది.
ఎవలితోని అన్ననో
ఒక నిమిషం నాకే సమజ్ కాలే.

కిటికీల నుంచి ఇంకో విమానం లైట్లు,
వాటి ఎనుక నల్లగ సముద్రం.
ఇది ఇన్నేండ్ల నుంచి ఈడనే ఉన్నదన్నట్టు.

బిజోయ్ సార్ కేకేసిండు, టైం.
కాయితం మీద "ఏమేం దొరికినయ్" కాడ
సున్నా పెట్టి సంతకం చేసిన.
వెంట్రుకలు చొక్కా జేబుల ఉన్నయి.
లేచి,
నేను కూసున్న సీటును
నేనే మళ్లొక్కసారి తుడిచిన.