తూకానికి కొన్నది

చీమకుర్తిలో మా ఫ్యాక్టరీ డిజైన్ రూము మూసేసినప్పుడు
కుర్చీలు ఒక్కోటీ లెక్కగట్టి అమ్మారు,
ఏసీని పాట పెట్టారు,
కంప్యూటర్లని మటుకు
పాత ఇనుముతో కలిపి కాటా ఎక్కించారు.
పదమూడు కిలోలు. ఇనుము రేటు.
పైన టీ ఖర్చులకని రెండొందలు.
"ఏందబ్బయా, దీంతో ఏం జేస్తావ్?"
అన్నాడు కాటా కాడ మాలకొండయ్య.
ఆడుకుంటా, అన్నా.
నలభై దగ్గర పడ్డ మనిషి నోట ఆ మాట విని
ఆయన ముల్లును ఇంకోసారి చూసుకున్నాడు.

ఇంటికి తెచ్చి మూత తీస్తే
లోపల ఇంకో ఫ్యాక్టరీ.
ఫ్యాను రెక్కల మీద, మెమరీ ముక్కల సందుల్లో
పేరుకున్న రాతిపొడి,
మొహానికి రాసుకునే పౌడరంత మెత్తన.
దీన్ని నేనెరుగుదును.
పదకొండేళ్ళుగా నా అన్నంలో, నా చెవుల్లో,
మా ఆవిడ బట్టలు నానేసే బకెట్టు అడుగున ఇదే.
ఏసీ గదిలో అద్దాల వెనక బతికినదానికీ
ఇంత పట్టిందా అని
ఒక్క నిమిషం దాని మీద జాలేసింది.

పంక్చర్ల బాజీ దగ్గర గాలి కొట్టించా.
లేచిన దుమ్ముకి ఇద్దరం తుమ్మాం.
సైకిలుకి ఇంత, మోటారుసైకిలుకి ఇంత,
దీనికెంత తీసుకోవాలో తెలీక
బుర్ర గోక్కుని ఊరికే పొమ్మన్నాడు.

ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడిగింది.
అది తెలిసిన సుధామాధురి మేడమ్
ఇప్పుడు కందుకూరులో బీఈడీ చదువుతా ఉందంట.
రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఊడదీసి
కాసేపాగి మళ్ళీ పెట్టా.
పాస్‌వర్డ్ మరిచిపోయింది. తేదీ కూడా మరిచిపోయింది.
ఏ సంవత్సరంలో ఉన్నామో
నేనే చెప్పాల్సొచ్చింది.

పాతదే, కానీ ఎనిమిది కోర్ల జియాన్.
దీని మెమరీ కూడా మామూలుది కాదు,
లెక్కలో ఒక్క అంకె తప్పినా
ఎవరూ చూడకముందే తానే దిద్దుకుంటది.
"ఒక ముక్క ఊడదీసి నువ్వు పెట్టించుకోరాదూ"
అంది మా ఆవిడ.

గ్రాఫిక్స్ కార్డు నెల్లూరులో దొరికింది,
స్టోన్‌హౌస్‌పేటలో మూతబడ్డ నెట్ సెంటరుది.
మీరావలి దాన్ని తువ్వాల్లో చుట్టి
ఒంగోలు దాకా రైల్లో తెచ్చాడు.
దొరికిన ఒక్క సీట్లో దాన్ని కూర్చోబెట్టి
తను నిలబడ్డాడు.
మొత్తం ఎనిమిది వేల ఏడొందలు.
ఇంట్లో ఆరు అని చెప్పా.

తీరా చూస్తే కార్డు పొడుగు, పెట్టె పొట్టి.
నాలుగు వేళ్ళు తేడా.
ఇక్కడ మాత్రం ఎవర్నీ అడగాల్సిన పని పడలా.
గ్రైండరు తీశా.
నల్లరాతిలో వెంట్రుకవాసి గీత తప్పని చెయ్యి,
డిస్కులు పెట్టుకునే రేకు గూడు దీనికో లెక్కా!
వాకిట్లో రవ్వలు చూసి
పక్కింటి సత్యవేణి పిల్లలు
టపాసులనుకుని పరిగెత్తుకొచ్చారు.

పాత డిస్కులో బొమ్మలున్నాయి.
వంటింటి బల్లలు, మెట్లు,
ఆపైన సమాధి రాళ్ళు, వందల్లో,
పేరు చెక్కాల్సిన చోట ఖాళీగా.
ఏ దేశంలో ఎవరికోసమో,
వాళ్ళింకా తింటా నవ్వతా ఉండగానే
ఇక్కడ గీసిపెట్టిన రాళ్ళు.
కొన్నింటికి నేనే పాలిషు పట్టుంటా.
అన్నీ చెరిపేసి ఆట ఎక్కించా.
ఒక్కటి ఉంచా. ఎందుకని అడగొద్దు.

లారీ తోలే ఆట.
మీరావలి పడీపడీ నవ్వాడు:
"పొద్దస్తమానం రాళ్ళ లారీలు చూసేది చాలక
రాత్రికి డబ్బులు పోసి ఇంకో లారీనా?"
వాడికేం తెలుసు.
ఆ రోడ్డు మీద వాన పడతా ఉంటది.
చెట్లు ఆకుపచ్చగానే ఉంటాయి,
మా రామతీర్థం రోడ్డులో మాదిరి తెల్లగా కాదు.
ఎన్ని బండ్లు పోయినా దుమ్ము లేవదు.
కిటికీ అద్దం దించే మీట ఒకటుంది.
అది నొక్కి, ఏ సరుకూ ఎత్తకుండా,
ఊరికే పోతా ఉంటా.

నెల తిరిగేసరికి ఫ్యాను రొప్పుతుంది.
మళ్ళీ బాజీ దగ్గరికి మోసుకుపోతా.
మూతకి నాలుగు స్క్రూలే.

ఛాతీ ఫోటో తీయించుకు రమ్మని
ఒంగోలు డాక్టరు రాసిచ్చిన చీటీ
కీబోర్డు కింద ఉంది.
కీబోర్డుకి ఒక కాలు లేదు,
దానికి ఎత్తు సరిపోయింది.