బెత్తెడు తేడా

పోలండ్ పట్టాలు ఇరుకు, మావి వెడల్పు.
ఎంత అంటే, ఇదిగో,
నా అరచెయ్యి అడ్డంగా పెడితే సరి.
బెత్తెడు.
ఆ బెత్తెడు పుణ్యమా అని ఇరవై రెండేళ్లుగా నాకు జీతం.
మొస్తిస్కా షెడ్డులో
రైలు పెట్టెను జాకీల మీద పైకెత్తి, కింద చక్రాలు మార్చడం.

ఆ జూన్‌లో రెండు దేశాలూ కలిసి ఒకే పెళ్లి పెట్టుకున్నాయి,
ఫుట్‌బాల్ పెళ్లి.
విడిది సగం వాళ్ల ఊళ్లలో, సగం మా ఊళ్లలో.
వియ్యంకులన్నాక మాటలు రాకుండా ఉంటాయా?
జెండా కర్రల ఎత్తు మీద ఒక కమిటీ,
మైదానం గీతలకు ఏ ఊరి సున్నమో తేల్చడానికి
మూడు పూటలు కూర్చున్న కమిటీ ఇంకొకటి.
మా షెడ్డుకి ఎవరూ శుభలేఖ వెయ్యలేదు.
టైమ్‌టేబుల్ ఒకటి పంపారు.

పంపినావిడ పేరు కజిమియెరా,
అవతల ప్షెమిషల్ స్టేషన్‌లో గుమస్తా.
మనిషిని చూడలేదు. దగ్గు మాత్రం గుర్తుపడతాను.
"ఏడుకి బండి వదులుతున్నాను ఓరెస్ట్."
"మీ ఏడా, మా ఏడా?"
వాళ్ల గడియారం మాకన్నా గంట వెనక.
ఒకసారి ఆ మాట అడగడం మరిచిపోయినందుకు
నాలుగొందల మంది డెన్మార్క్ వాళ్లు
పాటలు పాడుకుంటూ మా ఉల్లి మడి తొక్కేశారు.
అప్పట్నుంచి హలోకి బదులు అదే అడిగేవాళ్లం.

ఒక రాత్రి పదకొండు పెట్టెల బండి.
ఏడో పెట్టెను ఎత్తాం, మనుషులతో సహా.
లోపల టీ గ్లాసు తొణక్కూడదు, అది మా షెడ్డు పరువు.
పాత చక్రాలు దొర్లిపోయాయి, కొత్తవి ఇంకా రాలేదు.
సరిగ్గా అప్పుడు
ఎవరి రేడియోలోనో
గోల్.

పెట్టె పెట్టంతా ఎగిరింది.
నాలుగు జాకీలూ మూలిగాయి.
"కూర్చోండ్రా!" అని నేనూ లుబోమిరూ
ఏ భాషలో అరిచామో దేవుడికే తెలియాలి.
లోపల సగం మంది కౌగిలింతలు, సగం మంది నెత్తి బాదుకోవడం.
ఎవరి గోల్ వాళ్లది,
ఎవరి గోల వాళ్లది.
బుగ్గ మీది జెండా చెమటకి కారిపోయిన ముసలాయన ఒకడు
కిటికీలోంచి తల పెట్టి
"ఇప్పుడు మనం ఏ దేశంలో ఉన్నాం?" అన్నాడు.
భూమికి మీటరున్నర పైన,
ఏం చెప్పను?
"చక్రాలు రానివ్వండి, చెబుతాను" అన్నాను.

కప్పు ఎవరో పట్టుకుపోయారు.
మాకు పసుపుపచ్చ చొక్కాలు మిగిలాయి,
వీపు మీద 'దారి తెలియకపోతే నన్నడగండి' అని.
నాది మా ఆవిడ స్తెఫా
కుందేళ్ల గూటి కిటికీకి తెరగా కుట్టేసింది.

పదేళ్లకి, ఫిబ్రవరి చివర,
బండ్లన్నీ ఒకవైపే వెళ్లడం మొదలుపెట్టాయి.
నలభై మంది పట్టే పెట్టెలో నూట అరవై.
అందరూ ఆడవాళ్లు, పిల్లలు, బుట్టల్లో పిల్లులు.
ఎత్తేదెప్పుడు, చక్రాలు మార్చేదెప్పుడు?
సరుకు బళ్ల కోసం ఎప్పుడో వేసిన వెడల్పు పట్టాలు ఒక జత
ఆమె స్టేషన్ దాకా ఉన్నాయి.
వాటి మీదే పంపాం.
"వదులుతున్నాను కజిమియెరా. ఎప్పటికి చేరుతుందో తెలీదు."
ఎవరి గంట అని అడగలేదామె.
దగ్గింది.
"చంటిపిల్లలు ఎంతమంది? పాలు కాచాలి" అంది.

ఇంటికి పోయి
కుందేళ్ల గూటి కుట్లు విప్పి, చొక్కా తొడుక్కుని వచ్చాను.
వెలిసిపోయిన అక్షరాల్లో 'నన్నడగండి' ఒక్కటే మిగిలింది.
అడిగారు. దారి ఎవరూ అడగలేదు.
నీళ్లడిగారు, ఛార్జరడిగారు, వెనక ఇంకో బండి ఉందా అని అడిగారు.
వల సంచిలో బంతి పెట్టుకున్న కుర్రాడొకడు
మెట్టు మీద ఆగి
"దీన్ని రానిస్తారా?" అన్నాడు.

లోపల కాలు పెట్టే చోటు లేదు.
"గాలి తీసెయ్ బాబూ, పడుతుంది" అన్నాను.
"అవతల కజిమియెరా అని ఒకావిడ ఉంటుంది,
దగ్గుతూ ఉంటుంది.
పంపు అడుగు."