స్టాక్ లేదు

ఇన్‌స్టిట్యూట్ హౌసీలో నాకు ఫుల్ హౌస్ వచ్చింది.
ప్రైజు కుక్కరేమో అనుకున్నా.
గోనెసంచిలోంచి తల బయటపెట్టి
గుడగుడమని నన్ను తిట్టింది
టర్కీ కోడి.

ఓవెనూ లేదు, ట్రేయూ లేదు,
పక్షి మాత్రం ఏడు కిలోలు.

లాలాగూడ క్వార్టర్సులో అందరి దగ్గరా సలహాలున్నాయి,
ఎవ్వరి దగ్గరా అంత గిన్నె లేదు.
మెట్టుగూడ బేకరీ ఖలీల్ భాయ్
భట్టీ మూతికి జానపెట్టి కొలిచి,
కోసి తెచ్చిన పక్షి రొమ్ముకి జానపెట్టి కొలిచి
"ముందు దీన్ని డైటింగ్ చేయించండి సిస్టర్" అన్నాడు.

పదహారేళ్లుగా ఫిమేల్ వార్డులో
స్టాక్ లేదు, స్టాక్ లేదు అని వింటున్న చేతులివి.
సెలైన్ స్టాండు విరిగితే
కిటికీ ఊచకి బ్యాండేజీ ముడేసి సీసా వేలాడదీసినవి,
చంటిదాని మణికట్టుకి
గ్లవ్స్ డబ్బా అట్ట కత్తిరించి కట్టినవి.
ఇంటికొచ్చాక ఊరుకుంటాయా?

పుస్తకంలో ఆపిల్ అని ఉంది. జామకాయలు కూరా.
థైమ్ అంటే ఏమిటో ఆ పుస్తకానికే తెలియాలి,
మా కుండీలో ఉన్నది వామాకు.
పొట్ట మూయడానికి బొంతలు కుట్టే దబ్బనం,
పూలమ్మే అంజవ్వ తడిపి ఇచ్చిన అరటినార.
పది కుట్లు. మా సర్జన్ చూస్తే మెచ్చుకునేవాడే.
అడుగున జాలీకి బదులు
చెరకు గడలు నరికి అడ్డంగా పేర్చా.
వెన్న పోయడానికి యాభై ఎమ్మెల్ సిరంజి, సూది లేకుండా.
చెయ్యి ఊరుకోదు కదా,
తిరగేసి తట్టి గాలిబుడగ తీసేసింది.

ఇక మంట సంగతి.
"మా అక్క నిఖా దేగ్చా అటక మీదున్నది,
మూతికి పిండి పెడదాం, మూత మీద నిప్పులు పోద్దాం.
పొట్టేలే ఉడికింది దీంట్ల, నీ పిట్టెంత?"
అంది ఖుర్షీద్ ఆపా.
మెట్ల మీద నుంచి దింపుతుంటే మోగిన మోతకి
చర్చి గంటనుకుని
ఆరోగ్యం తాత మంకీ క్యాప్ తీసి నిలబడ్డాడు.

ఉడికిందో లేదో ఎట్లా?
నా థర్మామీటరు నూట ఎనిమిది దాకే చూపిస్తుంది.
ఆపైన మనుషులకి అవసరం ఉండదు.
ఆపా గొడుగు ఊచ ఒకటి కడిగి, తొడలో గుచ్చి,
తీసి పెదవికి ఆనించుకుంది.
"ఇంకో గంట."

తొమ్మిదింటికి పిండి పగిలింది.
రెండు బ్లాకులూ పళ్లేలతో వచ్చాయి.
చెరకు తీపి పట్టిన ఎర్రటి తోలు, ఆవిరి,
మొదటి ముద్ద, ఆ తర్వాత
ఎవరూ ఏమీ అనడం లేదు.
మా సైలస్ మెల్లగా,
"ఉప్పు వేశావా?"

ఉప్పు.
ఇంట్లో లేనివాటి కోసం ఊరంతా తిరిగాను గానీ
స్టవ్ పక్కనే ఉన్న రెండు కిలోల ప్యాకెట్
మూతి కూడా కత్తిరించలేదు.

ముందు ఆపా నవ్వింది. నవ్వి నవ్వి నేల మీద కూలబడింది.
అంజవ్వ ఇంటికెళ్లి గోంగూర జాడీ ఎత్తుకొచ్చింది.
పదిన్నరకి బొక్కలు తప్ప ఏమీ మిగల్లేదు,
జాడీ కూడా ఖాళీ.

మర్నాడు డ్యూటీలో గ్లవ్స్ తీస్తే
వేళ్లకింకా వామాకు వాసన.
ఏడో బెడ్డు అవ్వ ముక్కు ఎగబీల్చి
"దగ్గుకు కొత్త మందొచ్చిందా బిడ్డా?" అనడిగింది.

వచ్చిందవ్వా అన్నా,
ఇయ్యాల స్టాకుంది.