వ్యాపార రొట్టె

ఆటలో రాత్రి పన్నెండు.
ఎనిమిదెకరాల రొయ్యల గుంట,
ఆరు ఏరియేటర్లు, ఒక టార్చిలైటు, ఒక మనిషి.
కరెంటు పోతుంది.
నీళ్లలో గాలి అయిపోయేలోపు
జనరేటరు దాకా పరిగెత్తాలి.
అంతే ఆట.

రెండేళ్లు పట్టింది.
గంగపట్నంలో మా బాబాయి మోటారు షెడ్డులో కూర్చుని
కప్పల అరుపులు నిజంవే ఎక్కించాను.
చేయడం వరకూ నాకు తెలుసు.
చేశానని చెప్పడం ఎట్టాగో
ఎవరూ నేర్పలేదు.

చేతిలో నాలుగు వందల ఎనభై.
నెట్టు రీచార్జికి పోగా నూట ముప్పై.

ఆటల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కడెక్కడో ఉంటే
అరవై రెండు ఉత్తరాలు రాశాను,
రొయ్యంటే ఏందో ముందు చెప్పి, తర్వాత నా పేరు చెప్పి.
ఒకాయన జవాబిచ్చాడు.
"ప్రస్తుతం సెలవులో ఉన్నాను" అని.
యంత్రం పంపిన మాట అది. అయినా
రెండుసార్లు చదువుకున్నా.

మేత బస్తాలు తిరగేసి కుట్టి
నీలం రంగుపొడితో రాశాను: రాత్రి కాపలా.
మైపాడు ఆటో వెనక కట్టమంటే
మస్తానయ్య అన్నాడు,
"కడతాలే గానీ మే, సినిమానా, పార్టీనా?
రెండూ కాకపోతే ఎవురు చదవతారు?"
కట్టాడు.
రెండోరోజు వానకి
'రాత్రి' కరిగిపోయి 'కాపలా' మిగిలింది.
కింద నా నంబరు.
మూడు ఫోన్లొచ్చాయి,
జీతమెంతిస్తారని.

గుంటల కాడ కాపలావాళ్లకి
ఒక్కొక్కరి ఫోనులో నేనే ఎక్కించి ఇచ్చాను.
పెంచలయ్య ఆడాడు, బీడీ ఆరిపోయిన సంగతి మర్చిపోయి.
"నిజం గుంట ఇంత టైమియ్యదు పాపా.
మూడు దాటినాక రొయ్య పైకొచ్చి
తిక్కతిక్కగా తిరగతా ఉంటది చూడూ,
అప్పటికే అయిపోయినట్టు లెక్క."
ఆ రాత్రే గడియారం బిగించాను.
చాటింపు వేయడానికి పోయి
తప్పు దిద్దించుకుని వచ్చాను.

ఆయన పక్క గుంటకి చెప్పాడు. ఆ గుంట ఇంకో గుంటకి.
గట్ల మీద మాట
తెల్లమచ్చ రోగంలా పాకుతుందనుకున్నా.
పద్నాలుగు మంది దగ్గర ఆగింది.

ఆటలమ్మే అంగట్లో
ప్రతి ఆట కిందా కోరికల పట్టీ అని ఒకటుంటుంది.
కొనాలనిపించినవాళ్లు అందులో వేసుకుంటారు.
నా ఆట కింద నలభై ఒకటి.
పదకొండు మా పిన్ని పిల్లలవి, వాళ్ల స్నేహితులవి.
ఒకటి నాదే, వేరే పేరుతో.

రొట్టెల పండక్కి
స్వర్ణాల చెరువులో మోకాటి లోతున నిలబడ్డాను.
చదువు రొట్టె! ఇంటి రొట్టె! సంతానం రొట్టె!
తడిసిన కొంగులు, ఎత్తిన చేతులు,
ఎవరి కోరిక వాళ్లు గొంతు చించుకుని అడుగుతున్నారు.
నాకు మాత్రం నోరు రాలేదు.
ఎంతమంది కోరికలు ఆ నీళ్లలో,
ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి,
ఒక్క బస్తా కూడా కట్టకుండా!

"వ్యాపారం" అన్నాను, నాకే వినపడనంత మెల్లిగా.
ఒకామె వినింది.
షంషాదంట. ఆత్మకూరు బస్టాండు కాడ గాజుల బండి.
పోయినేడు ఇక్కడే తీసుకునిందంట,
ఇప్పుడు రెండో బండి పెట్టిందంట.
"ఏం వ్యాపారం బిడ్డా?"
"ఆట."
"బొమ్మలా?"
"కాదు. రొయ్యల్ని బతికించడం. ఫోనులో."
కాసేపు నా మొహంలోకి చూసింది.
"నాకు అర్థం కాలా. అయినా తీసుకో.
నేను గాజులన్నప్పుడు
ఎన్ని అమ్ముతావని ఎవురూ అడగలా."
సగం తుంచి పెట్టింది.
అంచున కొంచెం మాడింది.

ఇది రాస్తుండగా నలభై రెండు.
ఆ ఒకటి ఎవరిదో తెలీదు.
మా పిన్ని పిల్లల్ని అడిగాను, కాదంట.
షంషాద్ ఫోనుకి ఇంకా బటన్లే ఉండాయి.

వచ్చే ఏడు రొట్టె నేను తేవాలి,
కోరిక తీరితే.
తీరకముందే
కిలో గోధుమపిండి ధర కనుక్కుని
ఖర్చుల పుస్తకంలో రాసిపెట్టుకున్నా,
ప్రచారం అనే పద్దు కింద.
ఆ పేజీలో ఇంకేం లేదు.