ఊకెనే

నెలల ఇరవై తొమ్మిది దినాలు
మా నాయిన కాళ్లు గుంటల ఉండేటియి.
మగ్గం గుంటల
కుడికాలు ఓ తొక్కుడు, ఎడమకాలు ఓ తొక్కుడు.
పొద్దంత తొక్కినా
గట్టుప్పల్ దాటి జానెడు పోయెటోడు కాదు.
చీరలే పోయేటియి
చండూరు సేటు కొట్టుకు, ఆడికెళ్లి ఎటో.

అమావాస్య నాడు మగ్గం ముట్టరు మావోళ్లు.
ఆ ఒక్కనాడు
చింతపండు తోటి గంట తోమి,
మగ్గానికి పోసే నూనెల రెండు సుక్కలు
చైనుకు దొంగిలించి,
పొద్దు మూకినంక
అట్లాసు సైకిలు బయటికి తీసేటోడు.

"ఎటు పోతున్నవు అనంతరాములు?"
"ఊకెనే."
"పనేమన్న ఉన్నదా?"
"లేదు. అందుకే."

ఊళ్ల ఎవలకు అర్థం కాలే.
సైకిలంటే పాల క్యాను, గడ్డి మోపు,
లగ్గం కార్డు, సావు కబురు.
ఊకెనే ఎవడు తొక్కుతడు?
తిక్క లేసింది ఆనికి, అన్నడు మా మేనమామ
ఇంజను ఆయిలు వాసనొచ్చే చేతులు కడుక్కుంట.

తువ్వాల మడతేసి డండి మీద నన్ను కూసోపెట్టి
బొటనవేలితో డైనమోను టైరుకు ఆనిస్తే
గుర్రుమని
ముందు బుగ్గ కండ్లు తెరిచేది.
మెల్లగ తొక్కితే పసుపు ముద్ద,
జోరుగ తొక్కితే పాల తెలుపు.
మేమెంత ఉరికితే
తొవ్వ అంత పుట్టేది మా ముంగట.

బత్తాయి తోటల కాడ దిగుడు.
అక్కడ నాయిన తొక్కుడు బందు చేసి
కాళ్లు రెండూ పక్కలకు చాపేటోడు.
ఏ పనీ లేని కాళ్లు,
గాలి తప్ప ఏదీ తొక్కని కాళ్లు.
ఫ్రీవీలు చిటచిటలు,
పూత వాసన మూతికి తగిలి,
ఆయన నవ్వు నా నడినెత్తి మీద పడేది.
ఇంట్ల ఆ నవ్వు నేనెన్నడు వినలే.

పదో ఏట కైంచి నేర్పిండు.
ఇంకెప్పుడూ నాయిన మాటకు ఒప్పుకోని అమ్మ
దీనికి మాత్రం ఒప్పుకుంది:
అమావాస్య గదా, పడ్డా ఎవలు జూడరు.
పడ్డ. సర్కారు తుమ్మ కంపల పడ్డ.
కందిలి కాడ పిన్నీసుతో తొమ్మిది ముళ్లు తీసింది,
ముల్లుకో తిట్టు, అన్నీ నాయినకే.

మళ్ల అమావాస్యకు మళ్ల ఎక్కిన.
"ఆగకు బిడ్డా, ఆగితే బుగ్గ ఆరిపోతది"
అని ఎనక నుంచి ఒక్కటే కేక.
నాకు సైకిలు రాదు. చీకటంటే భయం.
బుగ్గ ఆరొద్దని తొక్కిన, అంతే.
ఎనక ఉరుకుతున్నడనే ధీమాతోటి
చానా దూరం పోయి తిరిగి చూస్తే
మోరీ కాడ ఎర్రటి సుక్క ఒకటి.
తాపీగ కూసోని బీడీ తాగుతున్నడు మారాజు!
అప్పటిసంది ఎంత అలిగినా
ఆ సుక్క యాదికొస్తే నవ్వే వస్తది.

నాయిన పోయి పదకొండేండ్లు.
మగ్గం గుంట పూడ్చి
ఆడ ఫ్రిజ్ పెట్టిండు అన్న.
సైకిలు నేను తెచ్చుకున్న నల్లగొండకు.
కరెంటాఫీసుల గుమస్తాను,
స్కూటీ ఉంది, కిస్తీలు కూడ అయిపోయినయి.
అయినా అమావాస్య వస్తే
చున్నీ నడుముకు చుట్టుకోని
పానగల్లు దిక్కు తీస్త.

వీధి దీపాలకు అమావాస్య తెల్వదు,
రోడ్డంత తెల్లగ ఉంటది.
అయినా డైనమో ఆనిస్త.
ఆనిస్తే పెడలు జర బరువైతది.
ఆ బరువు నాకు కావాలె.

మొన్న మా ఆఫీసు పిలగాడు యాదీశు
బండి మెల్లగ చేసి పక్కన వచ్చిండు.
"మేడం, స్కూటీ ఖరాబైందా? దింపాల్నా?"
లేదన్న.
"మరెటు పోతున్నరు ఈ రాత్రిపూట?"

చెప్దామని నోరు తెరిచిన.
అంతల
దిగుడొచ్చింది,
కాళ్లు రెండూ పక్కలకు చాపిన.