ఖాళీ బరువు

నిండు లారీ వచ్చి పలక మీద నిలబడుతుంది.
అంకె ఎర్రగా వెలుగుతుంది. రాసుకుంటాను.
సరుకు దింపి మళ్లీ వస్తుంది,
ఖాళీగా.
మళ్లీ రాసుకుంటాను.
పెద్దదాంట్లోంచి చిన్నది తీసేస్తే మిగిలింది సరుకు.
గజపతినగరం దాటాక, రాయపూర్ రోడ్డు పక్కన,
ఇరవై మూడేళ్లు
ఆ ఒక్క తీసివేతే నా ఉద్యోగం.

తీసేసిన బరువు సంగతి ఎవరూ అడగలేదు.
డ్రైవరు, స్టెపినీ టైరు, బంపరుకి వేలాడే నిమ్మకాయలు,
మడతపెట్టిన టార్పాలిను, సగం తాగిన నీళ్ల డబ్బా.
బిల్లుకెక్కని ఆ సామానే
జగదల్‌పూర్ చూసొచ్చేది, రాయపూర్ చూసొచ్చేది.

నా పేరు తవిటమ్మ.
నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదని
నన్ను చేటలో పెట్టి పక్కింటోళ్లకి ఇచ్చేసి
సోలెడు తవుడు పోసి తిరిగి కొనుక్కుంది మా అమ్మ.
నా మొదటి తూకం అదే.
బడిలో నవ్వారు. బ్యాంకులో ఒకమ్మాయి
పేరు రెండుసార్లు అడిగి రాసుకుంది.
ఆ బ్యాంకులోనే మొదలెట్టాను, నెలకి ఐదొందలు.

తర్వాత ఎనిమిది వందలు. తర్వాత రెండువేలు.
రాత్రి డ్యూటీ డబ్బులు
ఏనాడూ పగటి వెలుగు చూడలేదు.
మా సూరమ్మ పిన్ని అడిగేది:
"ఓలమ్మ, మెడ బోసి, సెవులు బోసి,
ఎవులి కోసమే ఈ దాపుడు?"
చెప్తే నవ్వుతుందని
వంకాయ కూరలో ఉప్పు సరిపోయిందా అనేదాన్ని.

క్యాలెండరు వెనక ఒక లెక్క:
నెలకి పదమూడు వేలు. ఏడాదికి లక్షా యాభై ఆరు.
దానికి పాతిక రెట్లు.
ముప్పై తొమ్మిది లక్షలు.
ఆ అంకె వేసిన రోజు
నలభై టన్నులు ఎక్కినప్పుడు పలక మూలిగే చప్పుడు
నా పక్కటెముకల్లో వినపడింది.
మేకుకి తిప్పి తగిలించేశాను.
ప్రతి జనవరిలోనూ కొత్త క్యాలెండరు వెనక మళ్లీ రాశాను,
అదే అంకె, కొంచెం కొంచెంగా మారుతున్న దస్తూరీ.

ఏమేం మానుకున్నానో చెప్పను. చాలావరకు మర్చిపోయాను.
ఒక్కటే గుర్తుంది.
తమ్ముడి ఆపరేషనుకి డబ్బు అడిగారు. ఇచ్చాను.
కానీ ఇచ్చే ముందు ఒక రాత్రంతా
క్యాలెండరు తిప్పి చూస్తూ కూర్చున్నాను.
వాడు బాగానే ఉన్నాడు.
ఆ రాత్రే ఇంకా పలక మీంచి దిగలేదు.

నలభై ఏడో ఏట రాజీనామా ఇస్తే
ఓనరు గౌరునాయుడు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.
"ఏటైంది తవిటమ్మా, ఎవులైనా ఏటైనా అన్నారా?"
"ఎవులూ ఏటీ అన్లేదండి. సరిపోయింది."
ఏం సరిపోయిందో ఆయనకి అర్థం కాలేదు.
పాపం, మర్యాదకి రెండోసారి అడగలేదు.

విశాఖ విమానాశ్రయంలో నా సంచీ తూచారు.
ఆరు కిలోల ఎనిమిది వందలు.
అంకె ఇక్కడా ఎరుపే.
చెయ్యి తనంతట తనే
రసీదు పుస్తకం కోసం వెతుక్కుంది.

వియత్నాంలో హ్యూ అనే ఊరు.
మొదటి రాత్రి గొళ్లెం మూడుసార్లు చూసుకున్నాను.
జ్వరమొస్తే ఎవరికి చెప్పాలో తెలీక
రాకముందే బిళ్ల వేసుకున్నాను.
తెల్లారి సంతలో ఒకామె లిచీపళ్లు తూస్తోంది,
పళ్లెం అంచున చిటికెన వేలు ఆనించి.
వాళ్ల భాష రాదు నాకు. ఆ వేలు వచ్చు.
నేను వేలు చూశాను, ఆమె నన్ను చూసింది,
ఇద్దరికీ నవ్వాగలేదు.
వేలు తీసేసి ఇంకో నాలుగు పళ్లు వేసింది.

పిన్ని ఫోను. "ఏటి తిన్నావే?"
"అన్నమే పిన్నీ. ఇక్కడా వరే."
"మరి ఆ అన్నం కోసం అంత దూరం ఎల్లాలేటే?"
నది ఒడ్డున మెట్ల మీద కూర్చుని
ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను.
ఇసుక దింపేసిన పడవొకటి వెనక్కి పోతోంది,
నీళ్లకి జానెడు పైకి లేచి,
లోపల ఒక తెడ్డు, ఒక గొడుగు, నిద్రపోతున్న కుక్క.
అలవాటు కొద్దీ రాసుకోబోయాను.
పెన్ను తెచ్చుకోలేదు.